ఖోకా లెక్క

మా వీధి కుర్రాళ్ళకి తెలిసినన్ని తుపాకుల పేర్లు పోలీసు ఆర్మరరుకి కూడా తెలిసుండవు. పొద్దు వాలేసరికి అరుగు మీద వరసగా కూచుంటారు, మెడలు వంచుకుని, ఫోన్లలో ఢాం ఢాం. మా మనవడూ అందులో ఒకడు. "తాతా, కార్ నైంటీ ఎయిట్ దొరికిందంటే ఒక్క దెబ్బకే అవుట్" అన్నాడు ఓ రోజు. ఒరే, అది జర్మనీ వాళ్ళ మౌజరు రైఫిలు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది, దెబ్బ దెబ్బకీ బోల్టు లాగి మళ్ళీ తోసుకోవాలి, దగ్గర దగ్గర నాలుగు కిలోల బరువు, అని నేను మొదలెట్టానో లేదో, "గేమ్‌లో బరువుండదు తాతా" అనేశాడు. బరువు లేని తుపాకీ! 2020 సెప్టెంబరులో పబ్‌జీ మీద నిషేధం పడిందంటే ఇంట్లో పులిహోర చేయించాను. ఏడాది తిరక్కుండానే అది పేరు మార్చుకుని మళ్ళీ దిగింది.

మా రోజుల్లో తుపాకీ అంటే ముందు బరువు. తర్వాత లెక్క. చప్పుడు ఆఖర్న వచ్చేది, అదీ చాలా కొద్దిమందికి.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. మన జవాన్లు 303 రైఫిళ్ళు భుజానేసుకుని మంచుకొండలెక్కితే, అవతలివాళ్ళ చేతుల్లో మాటిమాటికీ బోల్టు లాగక్కర్లేని తుపాకులున్నాయని విని ఊరూరా జనం ఉడికిపోయారు. మరుసటేడు కాలేజీ మగపిల్లలందరికీ ఎన్‌సీసీ తప్పనిసరి చేసింది ప్రభుత్వం. 1968లో మళ్ళీ ఇష్టమైనవాళ్ళకే అన్నారనుకోండి, ఈలోగా కాలేజీ మెట్లెక్కినవాడెవడూ ఖాకీ నిక్కరు తప్పించుకోలేకపోయాడు. నేను సాలూరు నుంచి బొబ్బిలి దాకా పొగబండి, అక్కడ బండి మారి విజయనగరం వెళ్ళి చదువుకునేవాణ్ణి. ఆ బ్రాంచి లైను మీద తర్వాత్తర్వాత రైలుబస్సు తిప్పారు, అది వేరే ఏడుపు.

మొదట మా చేతికిచ్చినవి డీపీ రైఫిళ్ళు. చెక్క మీద డీపీ అని పెద్ద అక్షరాలు. డ్రిల్లుకి తప్ప పేల్చడానికి పనికిరాదని దానర్థం. వాటితోనే బాజూ శస్త్ర్, సలామీ శస్త్ర్. హిందీ ముక్క రాని మేమంతా ఆ కేకల్ని మంత్రాల్లా బట్టీ పట్టాం. ఆ తర్వాత పాయింట్ టూటూ ఇచ్చారు. అదీ చూపుకి 303 లాగే ఉండేది, లోపల గొట్టం మాత్రం సన్నం, పేలితే చిచ్చుబుడ్డి తుస్సుమన్నట్టుండేది. అసలు 303 చేతికొచ్చింది క్యాంపు ఆఖర్లో. ఒక్క పూట.

అది లీ ఎన్‌ఫీల్డు. 1907లో ఇంగ్లండు సైన్యం ఖాయం చేసుకున్న నమూనా, కలకత్తా పక్కన ఇషాపూర్ ఫ్యాక్టరీలో ఆ రోజుల నుంచే తయారవుతూ వచ్చింది. మేగజీనులో పది తూటాలు పడతాయి. అయిదేసి తూటాలు ఇనప క్లిప్పులో గుచ్చి ఉంటాయి, పైనుంచి బొటనవేలితో గట్టిగా ఒక్క నొక్కు నొక్కితే కిందికి దిగుతాయి. ఇక్కడే ఉంది తిరకాసు. ఆ తూటాకి అడుగున అంచు ఉంటుంది. పైదాని అంచు కిందిదాని అంచుకి ముందుండాలి. వెనక పడిందో, బోల్టు తోసేసరికి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు, మెదలవు. మాకు నేర్పిన హవల్దారు గఢ్వాల్ మనిషి. రైఫిలు ఇవ్వకముందు ఒక పూటంతా ఇదే నేర్పాడు, నేల మీద దుప్పటి పరిచి, ఉత్తుత్తి తూటాలతో. అంచు తప్పు పెట్టినవాడి చేత మైదానం చుట్టూ పరుగు తీయించేవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు తెల్ల సైన్యంలో నిమిషానికి పదిహేను గురి దెబ్బలు కొట్టలేనివాడు మంచి సిపాయి కింద లెక్క కాడట. మాకు ఆ నిమిషంలో రెండో తూటా గదిలోకి వెళ్తే అదే పదివేలు.

రేంజిలో బోర్లా పడుకున్నాం. మట్టి వాసన, నూనె వాసన. బట్టు భుజం గుంటలోకి లాగి పెట్టుకోమన్నాడు హవల్దారు. లాగి పెట్టుకోలేదు నేను. భయంతో కాస్త దూరంగా పట్టుకున్నాను. పేలగానే గాడిద వెనక్కాళ్ళతో తన్నినట్టయింది. సెలవలకి ఇంటికెళ్తే చొక్కా విప్పగానే మా అమ్మ చూసింది. "ఏట్రా ఆ బుజం? ఎవులితో తగువాడొచ్చినావు?" అని ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది. దేశం కోసమే అన్నాను. నమ్మినట్టు లేదు.

ఖోకాల సంగతి చెప్పాలి. పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టాన్ని ఎన్‌సీసీలో ఖోకా అనేవారు. ఎన్ని తూటాలు తీసుకున్నామో అన్ని ఖోకాలు తిరిగి అప్పజెప్పాలి. ఒకరోజు లెక్కలో ఒకటి తగ్గింది. అయిపోయింది. వంటవాళ్ళతో సహా క్యాంపు మొత్తాన్ని వరస కట్టించి గడ్డి దువ్వించారు. తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు. పొద్దు గూకుతోంది, అవతల రాత్రి తిండికి గంట కొట్టేశారు, ఎవడూ కదలడానికి లేదు. బోల్టు లాగితే ఖోకా కుడిపక్కకి ఎగురుతుంది కాబట్టి నా కుడి పక్కన పడుకున్న కుర్రాణ్ణి నఖశిఖపర్యంతం వెతికారు. చివరికి వాడి బూటు మీది పట్టీ మడతలో దొరికింది. కాలుతుంటే చెప్పలేదేంరా అని అడిగితే, కదిలితే తిడతారని ఊరుకున్నానన్నాడు. కాలు మీద ఇంత బొబ్బ. హవల్దారు ఆ ఖోకా తీసుకుని రిజిస్టరులో అంకె దిద్ది సంతకం పెట్టాకే మాకు అన్నం. ఇత్తడి ముక్కకి అంత మర్యాద!

ఆ తర్వాత ఇంకో తతంగం ఉంది, వేణ్ణీళ్ళు. పాత 303 తూటాల అడుగున రాజేసే మందులో ఒక రకం లవణం ఉండేది. పేలాక ఆ ఉప్పు గొట్టం లోపల అంటుకుంటుంది. ఉప్పు చెమ్మ పీలుస్తుంది, చెమ్మ తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. అందుకని సాయంత్రం వంటశాల నుంచి మరిగే నీళ్ళు తెచ్చి గరాటుతో గొట్టంలో పోసేవాళ్ళం. పట్టుకోలేనంత వేడెక్కేది. ఆ వేడికే లోపలంతా ఆరిపోయేది. అప్పుడు పుల్‌త్రూ. ఒక చివర ఇత్తడి గుండు, ఇంకో చివర గుడ్డ పట్టే ముడి ఉన్న తాడది. బట్టులోనే చిన్న తలుపు వెనక చుట్టి పెట్టుండేది, పక్కనే నూనె సీసా. గుడ్డ తెల్లగా వచ్చేదాకా లాగడమే.

లెక్క అంటే అల్లూరి గుర్తొస్తాడు నాకు. విగ్రహాలన్నిటిలోనూ ఆయన చేతికి విల్లే ఇస్తారు గానీ, ఆయన వెళ్ళింది తుపాకుల కోసం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు. తీసుకున్నవాటి వివరం స్టేషను డైరీలో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దోపిడీకి వెళ్ళినవాడు రసీదు ఇచ్చాడు. ఇప్పుడు మా లారీ ఆఫీసులో నలభై వేల సరుకు దింపించుకుని వేబిల్లు మీద సంతకం పెట్టమంటే "ఫోన్‌పే చేశాను కదండీ" అంటారు.

మా ఊరివాళ్ళకి మిలటరీ మిగులు సామాన్లు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సైన్యంలో చేరిన మనిషి లేని వీధి అరుదు. రెండో యుద్ధం అయిపోయాక డిస్పోజల్స్ అని జీపులు, లారీలు, గుడారాలు దేశమంతా వేలం వేశారు. నా చిన్నతనంలో పెద్దవాళ్ళు బూడిదరంగు కంబళి, ఆకుపచ్చ ట్రంకుపెట్టె, మోకాళ్ళ కింది దాకా వేలాడే ఓవర్‌కోటు చూపించి "మిలటరీది" అని గర్వంగా చెప్పుకునేవారు. ఘాటు రోడ్డు మీద సుంకి వైపు రాత్రిపూట లారీ ఎక్కే డ్రైవర్లకి ఆ ఓవర్‌కోటే మహాప్రసాదం. అన్నీ అమ్మారు. తుపాకీ మాత్రం అమ్మలేదు.

ఇప్పుడూ అమ్మరు. 303 మనదేశంలో నిషిద్ధ బోరు, మామూలు మనిషికి లైసెన్సు దొరకదు. ఇది తెల్లవాడు పెట్టిన భయం. సైన్యం వాడే తూటా జనం తుపాకిలో పట్టకూడదు, పడితే బారకాసుల నుంచి దొంగతనంగా బయటికి పోతుంది. అందుకని వేటకాళ్ళ కోసం 315 అని వేరే సైజు పెట్టారు. ఇషాపూర్‌లో ఈనాటికీ ఆ 315 స్పోర్టింగ్ రైఫిలు చేస్తున్నారు. బోల్టూ ఎముకలూ అన్నీ లీ ఎన్‌ఫీల్డువే, తూటా ఒక్కటే వేరు. తెల్లవాడు పోయి ఎన్నాళ్ళయింది? వాడి భయం మాత్రం మన రూల్సు పుస్తకంలో పెన్షను తీసుకుంటూ హాయిగా ఉంది.

ఆ భయం ఎంత దూరం వెళ్ళిందో 410 మస్కెట్టు చూస్తే తెలుస్తుంది. పోలీసులకీ జైలు కాపలావాళ్ళకీ ఇచ్చేవారు. పైకి అచ్చం 303. లోపల గాళ్ళు చెక్కేసి గొట్టం నున్నగా చేశారు, మేగజీనులో చెక్కదిమ్మ కూర్చారు. ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని పేల్చుకోవాల్సిందే. సొంత పోలీసునే నమ్మని దొర. మా చిన్నప్పుడు కాపలా కానిస్టేబులు దాన్ని గోడకి చేరేసి బీడీ కాల్చుకుంటుంటే చుట్టూ చేరి చూసేవాళ్ళం. అందులో చెక్కదిమ్మ ఉందని తెలిస్తే అంత భయపడేవాళ్ళం కాదు.

సైన్యంలో చేసినవాళ్ళకి, సర్వీసులో వాడని నమూనాలు కొన్ని కొనుక్కునే దారుందంటారు. మనలాంటి లారీ మనుషులకి అదీ లేదు. 2020 రిపబ్లిక్ డే పెరేడులో ఉత్తరప్రదేశ్ పోలీసులు 303కి లాంఛనంగా వీడ్కోలు చెప్పారు. టీవీలో చూశాను. రిటైరైన గుమాస్తాకైనా శాలువా కప్పి ఇంటికి పంపిస్తాం. దీన్ని ఏ ఇంటికీ పంపరు.

మా ఇంట్లో లైసెన్సు తుపాకీ ఒకటుండేది. పెదనాన్నది, నాటు తుపాకీ. పాచిపెంట వైపు చేలో అడవిపందుల కోసం. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, రవ్వలు పోసి, ఇనప కడ్డీతో దట్టించి, వెనకాల రాగి టోపీ పెట్టి పేల్చాలి. ఇంత చేసేలోపు పంది తిని, తొక్కి, పిల్లల్ని పిలుచుకుని వెళ్ళిపోయేది. అయినా ఆయన మేడ మీద చప్పుడు చేస్తే ఊరంతా వినేది, అదే చాలనుకునేవాడు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట సరదాలు మూలపడ్డాయి. అది మాత్రం మంచి పనే, చిరుతలు బతికిపోయాయి. చైత్రంలో ఇటుకల పండక్కి విల్లంబులతో కొండెక్కేవాళ్ళని చూస్తే పెదనాన్న మీసం దువ్వేవాడు గానీ తుపాకీ తీసేవాడు కాదు. కాగితాల భయం.

ఆ కాగితాల ప్రయాణం రాస్తే ఒక పురాణం. లైసెన్సు పుట్టినప్పుడు సాలూరు విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టి మమ్మల్ని అందులో కలిపారు. రెన్యువల్‌కి పెదనాన్న శ్రీకాకుళం వెళ్ళడం మొదలెట్టాడు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చింది. ఫైలు శ్రీకాకుళంలో ఉందని వీళ్ళు, విజయనగరం పంపేశామని వాళ్ళు. ఆయన మనిషి కాబట్టి ఒకచోటే ఉండేవాడు, ఊరే జిల్లాలు మారుతూ పోయింది. 2022 ఏప్రిల్ 4 నుంచి మేం పార్వతీపురం మన్యం జిల్లా. ఇది చూడకుండానే పోయాడు, అదృష్టవంతుడు. నక్సలైట్ల ఉద్యమం రోజుల్లో ఆ తుపాకీ స్టేషనుకి వెళ్ళింది. ఎన్నికలొస్తే స్టేషనుకి వెళ్ళేది. 2004 ఫిబ్రవరిలో కొండకి అవతల కోరాపుట్ ఆయుధాగారాన్ని మావోయిస్టులు కొల్లగొట్టి వందల తుపాకులు ఎత్తుకుపోయాక, ఇంట్లో తుపాకీ ఉందని చెప్పుకోవడమే నామోషీ అయింది. పెదనాన్న పోయాక పిల్లలు దాన్ని అప్పజెప్పేశారు. చివరిసారి చూసినప్పుడు గొట్టం కొసన పచ్చటి తుప్పు. ఏ స్టేషనని అడక్కండి, ఇప్పుడక్కడున్నవాళ్ళు ఆనాటివాళ్ళు కారు.

ఇప్పుడు చట్టం ఇంకా బిగిసింది. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు, మూడోది ఏడాదిలో అప్పజెప్పాలి. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ళ నుంచి అయిదేళ్ళు చేశారు. పెదనాన్న ఉంటే చెప్పులు ఆదా అయ్యేవి.

ఇంత రాద్ధాంతం చూసినవాణ్ణి పోయినేడు టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అల్లుడికి గ్రీన్‌కార్డు వచ్చింది. అందరూ గ్రీన్‌కార్డు వస్తే వెంకన్నకి మొక్కు చెల్లిస్తారు. ఈయన తుపాకుల దుకాణానికి బయల్దేరాడు. "మావయ్యా, మీరు ఎన్‌సీసీలో కాల్చింది ఇక్కడ అమ్ముతున్నారు, రండి" అన్నాడు. నమ్మలేదు. లోపలికెళ్తే గోడ పొడవునా నిలబెట్టున్నాయి, మన బజార్లో గొడుగులు పెట్టినట్టు. అందులో నాలుగైదు 303లు. నేను దగ్గరికెళ్ళి కళ్ళద్దాలు సవరించుకున్నాను. బోల్టు వెనకాల ఇనప పట్టీ మీద కిరీటం బొమ్మ, కింద జీఆర్ఐ అని రాజుగారి అక్షరాలు, దాని కింద ఇషాపూర్, 1942.

1942. ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులేసిన ఏడు. సాలూరు దాకా జనం పిల్లల్నెత్తుకుని పారిపోయొచ్చారని మా నాన్న చెప్పేవాడు. ఆ ఏడు హుగ్లీ ఒడ్డున బెంగాలీ మేస్త్రీలు చేసిన రైఫిలు ఇది. ఇషాపూర్ నుంచి ఏ బారకాసుకో వెళ్ళి, ఎన్ని చేతులు మారిందో మారి, సముద్రం దాటి ఇక్కడ తేలింది. గొట్టం మీద దిగుమతి చేసినవాళ్ళ ముద్ర కూడా ఉంది. ఒకప్పుడు ఇలాంటివి పీపాల్లో నిలబెట్టి కారుచౌకగా అమ్మేవారట. పోస్టులో కూడా తెప్పించుకునేవారు. కెనెడీని చంపినవాడు వాడింది కూడా అలాంటి ఇటలీ మిలటరీ మిగులు రైఫిలే, దుర్భిణితో కలిపి 19 డాలర్ల 95 సెంట్లు. 1968లో చట్టం తెచ్చి ఆ పోస్టు బేరం ఆపించారు. ఇప్పుడు వందల డాలర్లు, తూటా ఒక్కొక్కటి డాలరు పైమాటే. మాకు మాత్రం ఖోకా కూడా ఇవ్వలేదు.

అల్లుడు రాగితీగ చుట్టిన రైఫిలు మీద చెయ్యేశాడు, అందంగా ఉందని. "అది వదిలెయ్యి బాబూ" అన్నాను. మూతికి గిన్నె బిగించి గ్రెనేడు విసరడానికి వాడినవాటికే ఆ తీగ చుట్టేవారు, చెక్క పగలకుండా. దెబ్బలు తిన్న సరుకు. 1942 దాన్ని చూపించాను. నేను విజిటరు వీసా మనిషిని, ముట్టుకోకూడదని అల్లుడు ముందే చెప్పాడు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని, ఆవుల సంతలో మధ్యవర్తిలా, ఒక్కొక్కటే చేయించాను. బోల్టు పిడి మీది నంబరూ రిసీవరు మీది నంబరూ ఒకటేనా? ఒకటే. వేరైతే తూటా గది సరిగా మూసుకుంటుందన్న నమ్మకం లేదు, తుపాకీ మేస్త్రీ గేజీ పెట్టి చూసేదాకా పేల్చకూడదు. బోల్టు తీసి, వెనకాల తెల్లకాగితం పట్టి, గొట్టంలోంచి చూడమన్నాను. "ఏం కనబడుతోంది?" "మెలికలు మావయ్యా." "ఎన్ని?" లెక్కపెట్టాడు. అయిదు, ఎడమ చేతి వైపు తిరిగి, అంచులు కోసుగా. డీపీ అక్షరాలు ఎక్కడా లేవు. చెక్క మాత్రం నూనె తాగి తాగి తారు రంగుకొచ్చింది. "తీసుకో" అన్నాను.

కొనడం చూస్తే నాకు కడుపు రగిలింది. 4473 అని ఒక కాగితం నింపాడు, దుకాణదారు ఎఫ్‌బీఐ వాళ్ళకి పేరు చెప్పి అడిగాడు, కాఫీ చల్లారేలోపు అయిపోయింది. తాశీల్దారు లేడు, ఎస్సై ఎంక్వయిరీ లేదు, పొలం ఎక్కడ, పంది ఎక్కడ అని అడిగినవాడు లేడు. నా వంతు వచ్చేసరికి మాత్రం అమెరికాకీ రూల్సు గుర్తొచ్చాయి. విజిటరు వీసా మీద వచ్చినవాడు తుపాకీ పట్టుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. మినహాయింపు ఏమిటంటే, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండాలి. నేను శనివారం నీచు ముట్టనివాణ్ణి, నాకు వేట లైసెన్సు! అల్లుడు ఫోన్లో నొక్కుతూ పోయాడు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు క్లాసు వినాలట, నేను ముందే పుట్టి బతికిపోయాను. ముసలితనానికి ఆ దేశంలో దక్కిన ఒకే ఒక్క రాయితీ అది. చవకవీ ఉంటాయట, ఈయన మాత్రం అన్నిటికన్నా పెద్దది పట్టుకున్నాడు. 315 డాలర్లు. ఆ అంకె చూసి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెబితే ఆయనకి అర్థం కాలేదు.

ఊరి బయట రేంజి. చెవులకి డిప్పలు, కళ్ళకి అద్దాలు. మా ఆవిడా వచ్చింది, వెనకాల కుర్చీలో కూచుని చేగోడీలు తింటోంది. బల్ల మీద ఇసుక సంచి పెట్టి దాని మీద రైఫిలు ఆన్చి కాలుస్తున్నారు ఆ ఊరి జనం. బియ్యం బస్తా తూకమేసినట్టు. నేను కింద బోర్లా పడుకుంటానన్నాను. ఒప్పుకోలేదు, బీమా సమస్యట. సరే, కూచున్నాను. అంచు మీద అంచు వెనకపడకుండా తూటాలు పెట్టాను. వేళ్ళకి గుర్తుంది. ఈసారి బట్టు భుజంలోకి గట్టిగా లాక్కున్నాను. ఊపిరి సగం వదిలాను.

అదే తన్ను. మందు వాసన కూడా అదే. దెబ్బ నల్లచుక్కకి పైన పడింది. అల్లుడు తుపాకీ సరిగా లేదేమో అన్నాడు. ఆ వెనక గురికంటికి అన్నిటికన్నా కింది గీతే 200 గజాలది. వంద గజాల దగ్గర పైకే పోతుంది, అడుగున ఆనించి కొట్టుకోవాలి. ఇది మాకు హవల్దారు చెప్పాడు, ఈయనకి యూట్యూబు చెప్పలేదు. ఆయన వేగంగా బోల్టు లాగబోయి రెండో తూటాకే అంచులు పెనవేసుకున్నాయి. మైదానం చుట్టూ పరుగెత్తించాలనిపించింది. అల్లుడు కాబట్టి ఊరుకున్నాను.

కాల్చడం అయ్యాక నేను వంగి ఖోకాలు ఏరుతుంటే వెనక నుంచి మా ఆవిడ, "ఏటండీ ఆ ఎతుకులాట? సిల్లర పడీసుకున్నారా?" అంది. ఒకటి తక్కువొచ్చింది. బల్ల కింద చూశాను, సంచి కింద చూశాను. అల్లుడు "వదిలెయ్యండి మావయ్యా, సాయంత్రం వాళ్ళే ఊడ్చేస్తారు" అన్నాడు. చీపురు పెట్టి ఊడుస్తారట. ఆ మూల బాల్టీ నిండా ఎవరెవరివో ఖోకాలు, ఎవడి పేరూ ఎవడి అంకే లేకుండా. పక్క బల్ల దగ్గర ఓ తెల్లాయన టోపీ తీసి చూపించాడు. ఎగిరి వెళ్ళి ఆయన టోపీ అంచు మీద కూచుంది. థాంక్యూ చెప్పి తీసుకుని, ఇప్పుడు సరిపోయింది అన్నాను తెలుగులోనే. ఆయన బొటనవేలు ఎత్తాడు.

ఇంటికొచ్చాక ఇంకో పేచీ. అల్లుడు చవగ్గా దొరికాయని పాత మిలటరీ తూటాలు కొన్నాడు, ఉప్పు రకం. శుభ్రం చెయ్యడానికి రంగు రంగుల సీసాలు బయటపెట్టాడు. నేను కెటిల్లో నీళ్ళు మరగబెట్టమన్నాను. మా అమ్మాయి "నాన్నా, నా కెటిలు!" అని అరిచింది. గరాటు లేకపోతే ఇడ్లీపిండి జాడీలోకి వాడేది ఇచ్చింది. గొట్టంలోంచి మొదటి నీళ్ళు నల్లగా వచ్చాయి, రెండో గరాటుకి బూడిదరంగు, మూడోసారికి తేట. బట్టు వెనక తలుపు తీస్తే నూనె సీసా లేదు గానీ పుల్‌త్రూ తాడు మాత్రం ఉంది, చీకిపోయి. దాన్ని అలాగే పెట్టేయమన్నాను.

తిరుగు ప్రయాణం ముందు రోజు ఒక ఖోకా గుర్తుగా తీసుకెళ్ళమని నా పెట్టెలో పెట్టబోయాడు అల్లుడు. నీకు దండం పెడతాను బాబూ అన్నాను. మన ఎయిర్‌పోర్టులో సంచి అడుగున ఖాళీ తూటా కనబడితే, నేను ఎన్‌సీసీ మనిషినని ఎవడు వింటాడు? అన్నీ లెక్కపెట్టి ఆయన చేతిలోనే పోసి, నోటుపుస్తకంలో తేదీ వేయించి సంతకం పెట్టించాను. నవ్వుతూనే పెట్టాడు.

మొన్న ఫోన్లో, మళ్ళీ ఎప్పుడొస్తారు మావయ్యా, రైఫిలు ఎదురుచూస్తోంది అన్నాడు. నా వేట లైసెన్సు గడువు ఆగస్టు 31తో తీరిపోయింది కదయ్యా, రెన్యువల్ ఎలాగ, ఏ ఆఫీసు అని అడిగాను. ఆఫీసు లేదట. ఫోన్లో నొక్కితే కొత్తది వచ్చేస్తుందట. ఫైలు లేదు, ఎంక్వయిరీ లేదు, స్టాంపు లేదు. దాన్నీ లైసెన్సనే అంటారు వాళ్ళు.